కమర్షియల్ కోర్టు దావాలో అవతలి పార్టీ కాగితాలు బయటపెట్టడం లేదు. ట్రయల్ దాకా ఆగాలా?

బెజవాడ_అట్టపెట్టెలు
మాది విజయవాడ దగ్గర చిన్న కార్టన్ల యూనిట్. భీమవరం వైపు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీకి 2024 జూలై నుంచి అక్టోబరు దాకా మాస్టర్ కార్టన్లు సప్లై చేశాం. కోటీ 38 లక్షలు రావాలి. "వచ్చే వారం" అంటూ నెలల తరబడి తిప్పారు. దావాకు ముందు రాజీకి ప్రయత్నించాలనే 12-ఏ కింద మీడియేషన్‌కు వెళితే వాళ్లు రానే లేదు. విజయవాడ కమర్షియల్ కోర్టులో దావా వేశాం.

ఇప్పుడు రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు జవాబు)తో పాటు కౌంటర్‌క్లెయిమ్ (మా మీద ఎదురు క్లెయిమ్) కూడా వేశారు. మా పెట్టెలు చెమ్మకు నాని కూలిపోయాయట, అమెరికా బయ్యరు 90 లక్షలు కోత పెట్టాడట. ఆధారాలుగా పెట్టినవి ఆరు ఫొటోలు, ఒక ల్యాబ్ రిపోర్టు, బయ్యరు ఈమెయిల్ ఒక్క పేజీ. ఆ ఈమెయిల్ కూడా మధ్యలోంచి మొదలవుతుంది.

సరుకు దిగినప్పటి జీఆర్‌ఎన్‌లు (సరుకు అందినట్టు రాసుకునే రసీదులు), క్వాలిటీ రిపోర్టులు, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ రికార్డులు, బయ్యరుతో మొత్తం ఈమెయిళ్లు, వాళ్ల పర్చేజ్ మేనేజర్ వాట్సాప్ చూపించమని లెటర్ రాశాం. "సంబంధం లేనివి. కొన్ని మా దగ్గర లేవు. మేనేజర్ ఉద్యోగం మానేశాడు." జవాబు అంతే. పైగా మాకు 46 ప్రశ్నల ఇంటరాగటరీలకు (ప్రమాణం మీద జవాబివ్వాల్సిన రాతపూర్వక ప్రశ్నలు) పిటిషన్ వేశారు. అందులో సగం మా మిగతా కస్టమర్లకు ఏ రేటుకు అమ్ముతున్నామనే.

మా లాయరు గారు "క్రాస్ ఎగ్జామినేషన్‌లో చూసుకుందాంలే" అంటున్నారు. ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి, ఆగాలా?

శారద_వకీలు
ఆగకండి. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం ఈ దావాల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లో, కాగితాలు బయటపెట్టడం గురించిన ఆర్డర్ 11ని మొత్తంగా మార్చేసింది. తన చేతిలో, తన అధీనంలో ఉన్న సంబంధిత కాగితాలన్నీ ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్‌తోనే పెట్టాలి. తనకు అనుకూలమైనవే కాదు, వ్యతిరేకమైనవి కూడా. అన్నీ పెట్టానని ప్రమాణం మీద చెప్పాలి. మామూలు సివిల్ దావాల్లోలాగా దారిపొడవునా ఒక్కో కాగితం తీసే పద్ధతి ఇక్కడ లేదు.

ఒక్క విషయం చెప్పండి. వాళ్ల కౌంటర్‌క్లెయిమ్‌కు మీరు జవాబు వేశారా?

బెజవాడ_అట్టపెట్టెలు
ఇంకా లేదండీ, వచ్చే వారం వేస్తున్నాం. కానీ రిటన్ స్టేట్‌మెంట్ వేసి 30 రోజులు దాటింది కాబట్టి ఇన్‌స్పెక్షన్ (కాగితాలు చూసుకునే) గడువు అయిపోయిందని వాళ్ల లాయరు రాశాడు.

శారద_వకీలు
అయిపోలేదు. ఆర్డర్ 11 రూల్ 3 ప్రకారం రిటన్ స్టేట్‌మెంట్ గానీ, కౌంటర్‌క్లెయిమ్‌కు వేసే జవాబు గానీ, ఏది తర్వాత వస్తే దాని నుంచి 30 రోజులు. మీ జవాబు పడిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. కోర్టు ఇంకో 30 రోజుల దాకా పొడిగించగలదు, ఆ పైన లేదు. అందుకే ఇప్పుడే కదలాలి.

కోర్టుమెట్లు
మీ లాయరు చెప్పింది తప్పని నేను అనుకోను. కాగితాలు దాచారంటే జడ్జి గారు వాళ్లకు వ్యతిరేకంగా అనుకుంటారు. మీ దగ్గర ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు ఉన్నాయి కదా. పిటిషన్ల మీద పిటిషన్లు వేసుకుంటూ పోతే అసలు దావా వెనకబడుతుంది. మా మామయ్య గారి కేసులో ఇలాంటి ఐఏల (మధ్యంతర పిటిషన్ల) తోనే ఏళ్లు గడిచాయి.

శారద_వకీలు
@కోర్టుమెట్లు మామయ్య గారిది మామూలు సివిల్ దావా అయి ఉంటుంది. ఇక్కడ ఇన్‌స్పెక్షన్ పిటిషన్‌ను రిప్లైలు, వాదనలతో కలిపి 30 రోజుల్లో తేల్చాలని రూల్‌లోనే ఉంది. అనుమతిస్తే ఆర్డరు వచ్చిన 5 రోజుల్లో చూపించి కాపీలు ఇవ్వాలి.

ఇక వ్యతిరేకంగా అనుకోవడం గురించి. రూల్ 5 చూడండి. ప్రొడ్యూస్ చేయమని నోటీసు వెళ్లాలి, అయినా తేకపోవాలి, సరైన కారణం చూపకపోవాలి. అప్పుడు కోర్టు వ్యతిరేక భావన తీసుకోవచ్చు. "వచ్చు" అనే ఉంది, తీరాలని లేదు. నోటీసే ఇవ్వకుండా ట్రయల్లో "వీళ్లు దాచారు" అంటే, "మీరు అడిగారా?" అనేదే మొదటి ప్రశ్న. మామూలు ఉత్తరం సరిపోదు. సీపీసీ అనుబంధం సిలో ఫారం 7 ఉంది, ఆ ఫారంలో వెళ్లాలి. జవాబుకు 7 రోజులకు తగ్గకుండా, 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వాలి.

కోర్టుమెట్లు
ఫారం సంగతి నాకు తెలియదు. కానీ గోపాల్ కృష్ణాజీ కేట్కర్ కేసులో, 1968లో, సుప్రీంకోర్టు చెప్పింది కదా. మంచి సాక్ష్యం చేతిలో ఉన్నవాడు దాన్ని తేకపోతే, రుజువు భారం తనది కాకపోయినా వ్యతిరేకంగా తీసుకోవచ్చని.

శారద_వకీలు
అది ఇప్పటికీ మంచి తీర్పే, వాదనలో తప్పకుండా వాడాలి. కాకపోతే అది చివర్లో పనికొచ్చే ఆయుధం. ఇక్కడ కౌంటర్‌క్లెయిమ్ 90 లక్షలు. వాళ్ల కాగితాలు ఇప్పుడు చూడకపోతే ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకుండానే క్రాస్ చేయాలి.

కాకినాడ_కోల్డ్‌చైన్
నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లో క్వాలిటీలో చాలా ఏళ్లు చేశాను. "టెంపరేచర్ రికార్డులు లేవు" అన్న మాట నమ్మకండి. అమెరికాకు సీఫుడ్ పంపే ప్లాంటుకు హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత) ప్లాన్ ఉండి తీరాలి, దాని రికార్డులు ఉంచి తీరాలి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సీఫుడ్ నిబంధనల్లో ఫ్రోజెన్ సరుకుకు రెండేళ్లు ఉంచాలని ఉంది. మీ సప్లై 2024 జూలై-అక్టోబరు అంటున్నారు, ఆ రెండేళ్ల లెక్క చూసుకోండి. గడువు దాటాక "నిబంధన ప్రకారమే పడేశాం" అనే అవకాశం వాళ్లకు వస్తుంది. ముందు చేయాల్సిన పని, ఫలానా రికార్డులు చెరపకుండా భద్రం చేయమని రాతపూర్వకంగా చెప్పడం.

ఇంకోటి. కార్టన్ కూలడానికి కార్టన్ ఒక్కటే కారణం కాదు. ఎన్ని వరసలు ఎత్తున పేర్చారు, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచారు, కరిగి మళ్లీ గడ్డకట్టిందా, కంటెయినర్ లోడ్ చేసేటప్పుడు ప్లగ్ తీసి ఎంతసేపు ఉంచారు, ఇవన్నీ ఉంటాయి. రీఫర్ (శీతల) కంటెయినర్లోనే డేటా రికార్డవుతుంది, అది షిప్పింగ్ లైన్ దగ్గర ఉంటుంది. లోపల పెట్టే డేటా లాగర్ వేరే, అది బయ్యరు దగ్గర తీస్తారు. ప్లాంటు రికార్డులు, రీఫర్ డేటా, లాగర్, ఈ మూడూ పక్కపక్కన పెడితే సరుకు ఎక్కడ పాడయిందో గంటతో సహా చెప్పొచ్చు.

బెజవాడ_అట్టపెట్టెలు
ఈ రీఫర్ డేటా సంగతి మాకు అసలు తెలియదండీ. షిప్పింగ్ లైన్ దావాలో పార్టీ కాదు కదా, వాళ్లను అడగొచ్చా?

శారద_వకీలు
అడగొచ్చు. రూల్ 5లో "పార్టీ లేదా వ్యక్తి" అని ఉంది. బయటివాళ్ల దగ్గరున్న కాగితాన్ని కూడా కోర్టు తెప్పించగలదు. ఏ కంటెయినర్, ఏ ఓడ, ఏ తేదీ అని చెప్పగలగాలి. అందుకే ముందు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించిన రసీదు), ప్యాకింగ్ లిస్టు అడగండి, కంటెయినర్ నంబర్లు అందులో దొరుకుతాయి.

గుంటూరు_ఆడిటర్
అందరూ క్వాలిటీ కాగితాల వెంట పడుతున్నారు. నేనైతే లెక్కల కాగితాలతో మొదలుపెడతాను, ఎందుకంటే వాటిని దాచడం కష్టం.

మీరు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్)లో వేసిన ప్రతి ఇన్‌వాయిస్ వాళ్ల 2బీ (కొనుగోళ్ల క్రెడిట్ స్టేట్‌మెంట్)లో కనపడుతుంది. ఆ ఇన్‌వాయిస్‌ల మీద వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తిరిగి లెక్కలో వేసుకోవడం) తీసుకున్నారా? సరుకు పనికిరాదని నిజంగా అనుకున్నవాడు క్రెడిట్ పూర్తిగా ఎలా వాడుకుంటాడు? అలాగే సప్లయర్‌కు 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. కట్టారా లేదా అన్నది వాళ్ల జీఎస్‌టీ రిటర్న్ 3బీలో తెలుస్తుంది. వాళ్లు ఎగుమతిదారు కాబట్టి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసే హామీపత్రం) మీద పంపి, మిగిలిన క్రెడిట్ రీఫండ్ అడిగి ఉండొచ్చు. రీఫండ్ దరఖాస్తు ఆర్‌ఎఫ్‌డీ-01తో పాటు ఏ ఇన్‌వాయిస్‌ల మీద క్రెడిట్ తీసుకున్నారో అనెక్సర్-బీలో జాబితా పెడతారు. అందులో మీ నంబర్లు ఉంటే, మీ సరుకు అందిందని, వాడుకున్నామని వాళ్లే ప్రభుత్వానికి రాసిచ్చినట్టు.

ఇంకో చోటు చూడండి. మీకు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే, 45 రోజులు దాటిన బాకీలను కంపెనీలు ఆరు నెలలకోసారి ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో చెప్పాలి, ఆలస్యానికి కారణం కూడా రాయాలి. బ్యాలెన్స్ షీట్లో చెల్లించాల్సిన బాకీల పట్టికలో ఎంఎస్‌ఎంఈ బాకీలు వేరుగా, వివాదంలో ఉన్నవి వేరుగా చూపాలి. ఆ బ్యాలెన్స్ షీట్ ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్లో ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, కోర్టు ఆర్డరు అక్కర్లేదు. ఆ ఏడాది మీ బాకీని "వివాదం లేనిది" అన్న వరసలో చూపి, ఇప్పుడు కౌంటర్‌క్లెయిమ్ వేస్తే ఏం చెబుతారో అడగండి.

బెజవాడ_అట్టపెట్టెలు
ఉద్యమ్ ఉంది, స్మాల్ కేటగిరీ. బ్యాలెన్స్ షీట్ ఈరోజే తీయిస్తాను.

నెల్లూరు_సీను
జీఎస్‌టీ ఆఫీసర్‌నే కోర్టుకు పిలిపిస్తే పోదా ఆడిటర్ గారూ? మొత్తం రికార్డు ఆయనే తెస్తాడు.

గుంటూరు_ఆడిటర్
అది ఎక్కువసార్లు ఎదురుదెబ్బే. సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 158 ఆ వివరాలను గోప్యం చేసింది, మినహాయింపులు కొన్నే. ఆఫీసర్ ఆ సెక్షన్ చూపించి తప్పుకుంటాడు. పార్టీ తన పోర్టల్ లోంచి తన రిటర్న్ తానే డౌన్‌లోడ్ చేసి ఇవ్వడానికి అడ్డేమీ లేదు. కాబట్టి అడగాల్సింది అవతలి కంపెనీని.

మాజీ_లా_ఆఫీసర్
రిటైరయ్యే దాకా కంపెనీల తరఫునే ఈ పిటిషన్లకు రిప్లైలు రాశాను. అవతలి వైపు నుంచి ఎలా కనపడుతుందో చెబుతాను.

"ప్రతివాది వద్ద ఉన్న అన్ని సంబంధిత పత్రాలు, ఈమెయిళ్లు, రికార్డులు" అని పిటిషన్ వస్తే మాకు పండగ. "ఫిషింగ్" (ఏదైనా దొరుకుతుందేమోనని వల వేయడం) అన్న ఒక్క మాటతో రిప్లై అయిపోయేది, చాలాసార్లు జడ్జి ఒప్పుకునేవారు. "2024 ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, ఫలానా ఇన్‌వాయిస్ నంబర్లకు సంబంధించి, గేటు దగ్గర తయారయ్యే జీఆర్‌ఎన్, దాని వెనక ఉండే క్వాలిటీ స్లిప్, స్టోర్స్ విభాగంలో ఉండేవి" అని వస్తే మాత్రం గాబరా పుట్టేది. లేవని అఫిడవిట్ వేయాలంటే సంతకం పెట్టేవాడు వెనకాడతాడు. ఏ కాగితం, ఏ కాలం, ఎవరి దగ్గర, దావాలో ఏ పేరాకు సంబంధం, ఈ నాలుగూ ప్రతి ఐటమ్‌కూ రాయండి. 30 ఐటమ్స్ వద్దు, ఏడెనిమిది చాలు. ఎక్కువ అడిగితే జడ్జి సగానికి కోస్తారు, ఆ కోతలో మీకు ప్రాణమైనది పోవచ్చు.

శారద_వకీలు
నూటికి నూరుపాళ్లు. ఒక్కటి కలుపుతాను. అడిగే కాగితం సాక్ష్యంగా చెల్లుతుందా లేదా అన్నది ఈ దశలో ప్రశ్న కాదు. వివాదం మీద వెలుగు వేసేదైతే చాలని ఎం.ఎల్. సేథీ కేసులో 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బయ్యరుతో నడిచిన ఈమెయిళ్లకు ఇది పనికొస్తుంది.

కోర్టుమెట్లు
సరే, పిటిషన్ వేశారు, కొట్టేశారు అనుకోండి. అప్పుడు హైకోర్టుకు రివిజన్ (ఆ ఆర్డరును సరిదిద్దమనే పిటిషన్), మళ్లీ ఆలస్యం. నా భయం అదే.

శారద_వకీలు
రివిజన్ లేదు. కమర్షియల్ కోర్టు మధ్యంతర ఆర్డర్ల మీద రివిజన్‌ను సెక్షన్ 8 మూసేసింది. డిక్రీ మీద అప్పీల్లోనే ఆ మాట ఎత్తాలి. రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద హైకోర్టుకు పర్యవేక్షణ అధికారం ఉంది గానీ ఇలాంటి వాటిలో చాలా అరుదుగా జోక్యం చేసుకుంటారు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. మీకు ఆర్డరు వస్తే వాళ్లూ స్టే తెచ్చుకుని కూర్చోలేరు. కాబట్టి ఉన్న ఒక్క అవకాశంలో పిటిషన్ సరిగ్గా రాయాలి.

బెజవాడ_అట్టపెట్టెలు
ఇంకో విషయం అడగాలి, నిద్ర పట్టడం లేదు. నిన్న మా షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర ఒక రిజిస్టర్ బయటపడింది. ప్రతి లాట్‌కూ చెమ్మ శాతం, బరస్టింగ్ స్ట్రెంగ్త్ (అట్ట చిరగకుండా తట్టుకునే బలం) రాసి ఉంది. ఆఫీసు ఫైల్లో లేనిది. అన్ని లాట్లూ బాగున్నాయి, ఒక్కటి మాత్రం, ఆగస్టు రెండో వారంలో వెళ్లిన లాట్, స్పెక్ (ఒప్పుకున్న ప్రమాణం) కంటే తక్కువ. దాన్ని కోర్టులో పెట్టాలా? "వాళ్లు అడిగితే చూద్దాం" అంటున్నాడు మా పార్ట్‌నర్.

నెల్లూరు_సీను
పెట్టకండి అన్నా. వాళ్లు వాళ్లవి దాచుకోగా మీరెందుకు ఇచ్చుకోవడం? చిన్న యూనిట్‌కు కోటి పైన అంటే మాటలా.

కాకినాడ_కోల్డ్‌చైన్
సీను గారి బాధ అర్థమవుతోంది. కానీ ఒక లాట్ తక్కువుండడం కార్టన్ల పనిలో మామూలే, వానాకాలంలో మరీ.

శారద_వకీలు
పెట్టాలి. ఇందులో రెండో మాట లేదు. దావాతో పాటు "నా దగ్గరున్నవన్నీ పెట్టాను" అని మీరు ప్రమాణం చేశారు. తర్వాత దొరికిన కాగితాన్ని బయటపెట్టే బాధ్యత దావా తేలేదాకా ఉంటుందని రూల్ 1లో చివరి ఉపనిబంధన. తెలిసీ దాచితే అది అబద్ధపు ప్రమాణం. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 379 కింద ప్రాసిక్యూషన్ దాకా పోయే సంగతి. సూపర్‌వైజర్‌ను ఎప్పుడైనా సాక్షిగా పిలిస్తే క్రాస్‌లో ఒక్క ప్రశ్నకు బయటపడుతుంది, ఆ తర్వాత మీ మిగతా కాగితాలను ఎవరూ నమ్మరు.

రెండు పనులు వేరని గుర్తుంచుకోండి. బయటపెట్టడం మీ బాధ్యత. దాని మీద మీరు ఆధారపడాలంటే కోర్టు అనుమతి కావాలి, ముందే ఎందుకు పెట్టలేదో సరైన కారణం చూపాలి. సుధీర్ కుమార్ బలియాన్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇది వివరించింది. దావా వేసేనాటికి చేతిలో ఉన్న కాగితానికి కారణం గట్టిగా చూపాలి, అప్పటికి చేతిలో లేనిదానికి అంత కఠినం కాదు. సూపర్‌వైజర్ అఫిడవిట్ తీసుకోండి. రిజిస్టర్ ఎక్కడ ఉంది, ఎలా దొరికింది అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

మాజీ_లా_ఆఫీసర్
నా అనుభవం కూడా అదే. ఇంకా చెప్పాలంటే, ఆ రిజిస్టరే మీకు మేలు చేస్తుంది. తక్కువ వచ్చిన లాట్‌ను తక్కువనే రాసుకున్న పుస్తకం కాబట్టి, బాగున్నాయన్న మిగతా లాట్లను కూడా కోర్టు నమ్ముతుంది. వాళ్ల 90 లక్షలను ఆ ఒక్క లాట్ దగ్గరికి కుదించొచ్చు.

బెజవాడ_అట్టపెట్టెలు
పార్ట్‌నర్‌కు మీ ఇద్దరి పోస్టులూ చూపించాను. ఒప్పుకున్నాడు.

న్యూజెర్సీ_రాఘవ
నేను ఇక్కడ ఒక లా ఫర్మ్‌లో పేరాలీగల్ (లాయర్లకు సహాయకుడు). మీ అమెరికా బయ్యరు దగ్గరున్న కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడి చట్టంలో టైటిల్ 28, సెక్షన్ 1782 అని ఒకటి ఉంది. విదేశీ కోర్టులో నడుస్తున్న కేసు కోసం, అమెరికాలో ఉన్న వ్యక్తి లేదా కంపెనీ దగ్గర కాగితాలు, వాంగ్మూలం తీసుకోవడానికి ఇక్కడి ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు ఆర్డరు ఇవ్వగలదు. ఆసక్తి ఉన్న పార్టీయే నేరుగా అడగొచ్చు. మీ కోర్టు ఉత్తరం రాయాల్సిన అవసరం లేదు. 2004లో ఇంటెల్, ఏఎండీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఆర్డరు ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. విదేశీ కోర్టు ఆ సాక్ష్యాన్ని స్వాగతిస్తుందా, అక్కడి నిబంధనలను తప్పించుకోవడానికి వచ్చారా, అవతలివాళ్ల మీద మరీ భారమా అని చూస్తారు. ప్రైవేట్ ఆర్బిట్రేషన్‌కు ఇది చెల్లదని 2022లో తేల్చారు, మీది కోర్టు దావా కాబట్టి ఆ అడ్డు లేదు.

బయ్యరు నిజంగా 90 లక్షలు కోశాడా, దేనికి కోశాడు, క్రెడిట్ నోటు మీద ఏ కారణం రాశాడు, ఇవన్నీ అక్కడ ఉంటాయి. బయ్యరుకు మీతో గొడవ లేదు, దాచాల్సిన అవసరమూ లేదు.

శారద_వకీలు
మంచి దారి చెప్పారు. ఖర్చు మాత్రం ఇక్కడి లెక్కలో ఉండదు. ముందు ప్రతివాదినే పూర్తి ఈమెయిల్ గొలుసు, బయ్యరు క్లెయిమ్ లెటరు, బ్యాంకు రియలైజేషన్ సర్టిఫికెట్ అడగండి. ఎగుమతి డబ్బు ఎంత వచ్చిందో బ్యాంకు కాగితంలో తెలుస్తుంది. అవి ఇవ్వకపోతే అప్పుడు అమెరికా దారి. ముందే వెళితే "మీ కోర్టులో ఎందుకు అడగలేదు" అని అక్కడి జడ్జి అడగొచ్చు.

న్యూజెర్సీ_రాఘవ
అవును, ఆ వరసే మంచిది. ఇక్కడి పద్ధతి ఒకటి అక్కడా పనికొస్తుందనుకుంటాను. ఫెడరల్ రూల్ 37 ప్రకారం కోర్టుకు వెళ్లే ముందు అవతలి లాయరుతో మాట్లాడి తేల్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించామని సర్టిఫై చేయాలి. ఏ ఐటమ్ మీద ఒప్పుకున్నారు, ఏది నిరాకరించారు, ఎందుకు అన్నది ఒక పట్టికలో జడ్జి ముందు పెట్టొచ్చు.

మాజీ_లా_ఆఫీసర్
మన దగ్గర నిబంధన లేకపోయినా చేయండి. పట్టిక చూస్తే జడ్జి గారి పని సగం తగ్గుతుంది.

తెనాలి_ప్రింటర్
ఆ 46 ప్రశ్నల సంగతి ఏమైంది? మా పోటీదారు ఒకడు ఇలాగే కోర్టు ద్వారా మా రేట్లు లాగాలని చూశాడు. చిన్న ఊళ్లో రేటు బయటపడితే వ్యాపారం పోయినట్టే.

శారద_వకీలు
ఇంటరాగటరీలకు కోర్టు అనుమతి కావాలి, 7 రోజుల్లో తేల్చాలి. అనుమతించిన వాటికి 10 రోజుల్లో గానీ కోర్టు చెప్పిన గడువులో గానీ అఫిడవిట్ మీద జవాబు. అనుమతి ఇచ్చేటప్పుడు అవతలివాళ్లు వివరాలు ఇస్తామన్నారా, కాగితాలు చూపిస్తామన్నారా అని కూడా కోర్టు చూడాలి. అందుకే ఊరికే "వద్దు" అనకండి. లాట్ తయారీ, టెస్టింగ్, డెలివరీ మీద ప్రశ్నలకు జవాబిస్తామనండి. రేట్ల ప్రశ్నలకు అభ్యంతరం చెప్పండి. వాళ్ల వాదన క్వాలిటీ గురించి, ధర గురించి కాదు. ఇతర కస్టమర్ల రేటుతో పెట్టె నానిందో లేదో తేలదు.

ఒకవేళ కోర్టు కొంత చూపించమంటే, పేర్లు కప్పేసి, సీల్డ్ కవర్లో, లాయర్లు మాత్రమే చూసేలా ఆర్డరు అడగండి. ఢిల్లీ హైకోర్టు 2018 ఒరిజినల్ సైడ్ రూల్స్‌లో కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్ అని ఏర్పాటు ఉంది. మన కోర్టులకు ఆ రూల్ లేకపోయినా, అలాంటి షరతు పెట్టమని అడగడానికి మంచి నమూనా.

నెల్లూరు_సీను
మేనేజర్ వాట్సాప్ మాటేంటి? అందులోనే ఉంటుంది అసలు కథ. "సరుకు బాగుంది, పంపండి" అని వాళ్లు పెట్టే ఉంటారు.

బెజవాడ_అట్టపెట్టెలు
పెట్టారు కూడా. మా డిస్పాచ్ కుర్రాడి ఫోన్లో ఉంది.

శారద_వకీలు
అలాగైతే సగం యుద్ధం మీ ఫోన్లోనే ఉంది. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, అమ్మకండి. దావా 2024 జూలై 1 తర్వాత వేశారు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియం వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. షెడ్యూల్లో పార్ట్ ఏ ఫోన్ ఎవరి అధీనంలో ఉందో వారు, పార్ట్ బీ నిపుణుడు పూరించాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. సర్టిఫికెట్ తప్పనిసరని అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ తీర్పు 2020లోనే పాత చట్టం కింద తేల్చింది. దాంతో పాటు ఆర్డర్ 11 రూల్ 6 ప్రకారం డిక్లరేషన్ కూడా. ఎవరి ఫోన్, ఎవరెవరు వాడతారు, ప్రింట్ ఎప్పుడు తీశారు అన్నీ అందులో ఉండాలి.

వాళ్ల మేనేజర్ ఫోన్ విషయంలో, సిమ్ కంపెనీ పేరు మీద ఉందా కనుక్కోండి. కంపెనీ నంబరైతే మనిషి మానేసినా నంబరు మీద అధీనం కంపెనీదే అని వాదించొచ్చు. వ్యక్తిగత ఫోన్ అయితే కష్టం. మొత్తం ఫోన్ అడగకండి. మీ కుర్రాడితో నడిచిన చాట్ మాత్రమే అడగండి.

బెజవాడ_అట్టపెట్టెలు
చాలా రోజుల తర్వాత అప్‌డేట్. ఇక్కడ చెప్పిన పద్ధతిలోనే వెళ్లాం. మా లాయరు గారు కూడా ఆడిటర్ గారి పోస్టు చూసి పిటిషన్ మళ్లీ రాశారు. కౌంటర్‌క్లెయిమ్‌కు జవాబు, రిజిస్టర్ వేయడానికి అనుమతి పిటిషన్, ఫారం 7 నోటీసు, తర్వాత ఎనిమిది ఐటమ్‌లతో ప్రొడక్షన్ పిటిషన్.

కోర్టు ఆరు ఐటమ్‌లు ఇచ్చింది: జీఆర్‌ఎన్‌లు, క్వాలిటీ స్లిప్పులు, టెంపరేచర్ లాగ్‌లు, బయ్యరుతో పూర్తి ఈమెయిళ్లు, బ్యాంకు కాగితాలు, క్రెడిట్ రీఫండ్ జాబితా. మేనేజర్ ఫోన్ ఇవ్వలేదు, మా వైపు చాట్ ఉంది కదా అన్నారు. బోర్డు మినిట్స్ కూడా కాదన్నారు. వాళ్ల 46 ప్రశ్నల్లో రేట్లవి అన్నీ పోయాయి. మా రిజిస్టర్‌ను అనుమతించారు, కొంత ఖర్చు కట్టమన్నారు, కట్టేశాం.

కాగితాలు వచ్చాయి. జీఆర్‌ఎన్‌లలో ఎక్కువ భాగం "ఓకే" ముద్రతో ఉన్నాయి. ఆగస్టు లాట్ మీద "తడి, వాడకానికి అనుమతి" అని రాసి వాళ్ల క్వాలిటీ మనిషి సంతకం ఉంది. బయ్యరు ఈమెయిల్లో కోత రెండు కారణాలకు. ఒకటి కార్టన్లు, రెండోది రొయ్యల సైజు తేడా. దేనికి ఎంతో వేర్వేరుగా రాశాడు. కోర్టులో పెట్టిన ఒక్క పేజీలో రెండో కారణం లేదు. మా ఇన్‌వాయిస్‌లలో ఎక్కువ భాగం రీఫండ్ జాబితాలో ఉన్నాయి.

బ్యాలెన్స్ షీట్ కూడా తీశాం. మా బాకీని వివాదం కిందే చూపారు. ఆ ఒక్కటి మాకు పనికిరాలేదు.

గుంటూరు_ఆడిటర్
వివాదం కింద చూపడం మీకు మరీ నష్టమేమీ కాదు, అది ఏడాది చివరి మాట. రీఫండ్ జాబితా తేదీ, వాళ్లు మొదటిసారి ఫిర్యాదు చేసిన తేదీ పక్కపక్కన పెట్టండి. రీఫండ్ ముందు అడిగి, ఫిర్యాదు తర్వాత చేసి ఉంటే గట్టిగా నిలుస్తుంది.

కాకినాడ_కోల్డ్‌చైన్
టెంపరేచర్ లాగ్‌లు నాకు పంపగలిగితే, లాయరు గారు ఒప్పుకుంటేనే సుమా, ఎక్కడ పెరిగిందో చూసి చెబుతాను.

శారద_వకీలు
@కాకినాడ_కోల్డ్‌చైన్ మీ మనసు మంచిది గానీ, ప్రొడక్షన్‌లో వచ్చిన అవతలి పార్టీ కాగితాలు దావా పనికి తప్ప బయట తిరగకూడదు. కావాలంటే మిమ్మల్ని నిపుణుడిగా లాయరు గారే నేరుగా సంప్రదిస్తారు. అట్టపెట్టెల గారూ, ఆ కాగితాల ఫొటోలు కూడా ఇక్కడ పెట్టకండి.

ఇక అడ్మిషన్, డినయల్ (కాగితాలను ఒప్పుకోవడం, కాదనడం) మొదలవుతుంది. ఇన్‌స్పెక్షన్ పూర్తయిన 15 రోజుల్లో ప్రతి కాగితం మీదా స్టేట్‌మెంట్ వేయాలి. ఉనికి, అందులోని విషయం, సంతకం, పంపడం లేదా అందడం, ఎవరి దగ్గర ఉంది, వీటిలో దేన్ని ఒప్పుకుంటున్నారో, దేన్ని కాదంటున్నారో వేర్వేరుగా. కారణం లేకుండా "కాదు" అంటే అది కాదన్నట్టు లెక్కకు రాదు. వాళ్ల జీఆర్‌ఎన్‌లను, బయ్యరు ఈమెయిల్‌ను మీరు పూర్తిగా ఒప్పుకోండి. ల్యాబ్ రిపోర్టు దగ్గర మాత్రం నమూనా ఏ లాట్ నుంచి తీశారో అందులో లేదని రాసి కాదనండి.

బెజవాడ_అట్టపెట్టెలు
ల్యాబ్ రిపోర్టులో లాట్ నంబరు నిజంగానే లేదండీ, ఇప్పుడే చూశాను. రేపు ఉదయమే లాయరు గారితో కూర్చుని ఆ స్టేట్‌మెంట్ రాస్తాం. కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్ (ట్రయల్ షెడ్యూలు ఖరారు చేసేది) ఎప్పుడు పడుతుంది?

శారద_వకీలు
రెండు వైపులా ఆ అఫిడవిట్లు పడ్డాక నాలుగు వారాల లోపు. సాక్షుల జాబితా అప్పుడే అడుగుతారు. సూపర్‌వైజర్ పేరు, డిస్పాచ్ కుర్రాడి పేరు సిద్ధంగా ఉంచుకోండి.